కొరమీనుకు ఈకల ఎర



మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగర్ ఆనకట్ట బోధన్ ప్రాంతమునకు చెరకునే కాక చేపలను కూడ ఇచ్చినది. శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, ఈ ప్రాంతపు చెరువులలో కొరమీను నేటికిని తిరుగుచున్నది. తెలంగాణ 2016లో రాష్ట్ర మత్స్యముగా ఎన్నుకొన్నది దీనినే.

గాలమునకు వానపామునో, చిన్న కప్పనో గ్రుచ్చుట మన వాడుక. ఆ ఎర ఒక్క పట్టుతో చెడిపోవును. శ్రద్ధగా కట్టిన ఈకల ఎర పలుమార్లు పనికివచ్చును. చలిదేశములలో ట్రౌట్ అను చేప నీటి పురుగులను తినును గనుక, అక్కడివారు ఈకలతో, దారముతో పురుగును పోలిన ఎరలు కట్టుదురు. అమెరికా పడమటి తీరమున సముద్రమునకు పోయి మరల ఏటికి వచ్చు ట్రౌటును స్టీల్‌హెడ్ అందురు. మన కాశ్మీరమున, నీలగిరులలో ట్రౌట్ కలదు. మన చెరువుల వెచ్చని నీటిలో అది మనజాలదు. అయినను ఆ పనితనము మనకు ఉపకరించును.

గాలపు విద్య మనకు క్రొత్తది కాదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన ‘మానసోల్లాసము’లో మత్స్యవినోదమను ప్రకరణము కలదు. చేపల జాతులు, వాటి మేత, గాలము అందు వర్ణింపబడినవి. ఆ కల్యాణి మంజీర పారు బీదరు జిల్లాలోనిదే.

కొరమీను గాలి పీల్చుటకు పైకి వచ్చును. నీటిపై కదలు కప్పను క్రిందినుండి చూచి దూకును. ఆకాశపు వెలుగులో దానికి కనబడునది ముఖ్యముగా ఆకారము, కదలిక. కావున రంగుల కొరకు శ్రమపడక, తేలునట్లును కాళ్లు ఆడునట్లును కట్టిన చాలును.

ముందుగా తుప్పులేని గాలపు కాడకు గట్టి దారమును ఒత్తుగా చుట్టి జిగురు పూయవలెను. నున్నని ఇనుముపై ఏదియు నిలువదు. ఈ చుట్టే పునాది. వంపు దగ్గర దళసరి నైలాను దారపు కొస నొకటి కట్టి వదలవలెను. అక్కడనే కోడిపుంజు మెడ ఈకలు రెండు, ప్రక్కకు ఒకటిగా కట్టి, వాటి కాడలను వెనుకకు మడచి మరల చుట్టవలెను. మడచిన కాడ జారదు. పాత రబ్బరు చెప్పునుండి కోసిన తేలిక ముక్కను అడుగున చీల్చి గాలపు కాడపై కూర్చి, జిగురుతో అంటించి, రెండు కొసలను బిగించవలెను. మొన మాత్రము రబ్బరుకు దూరముగా ఉండవలెను. లేనిచో చేప కరచినను గ్రుచ్చుకొనదు. కడపట నైలానును మొన క్రిందుగా తెచ్చి కంటి దగ్గర కట్టిన, గాలము తామరతూడులకు తగులుకొనదు. చేప కరచినపుడు అది వంగును. దారపు కొసను దాని నాలుగైదు చుట్ల క్రిందుగా దూర్చి లాగి జిగురు పూసిన పని ముగియును.

త్వరగా కావలెనన్న, ఒక్కొక్క ఎరను విడివిడిగా కట్టరాదు. పదింటికి రబ్బరు ఒకమారే కోసి, ఈకలు జతపరచి, తరువాత వరుసగా కట్టవలెను. ఆరిన పిదప ఈకలను చేతితో లాగి చూడుడు. కొరమీనుకు పదునైన పండ్లు కలవు. ఇంట ఊడినది చెరువున నిలువదు.

ఇక ముఖ్యమైన మాట. తొలకరి తరువాత ఎర్రని పిల్లల గుంపు నీటిపై కదలుచుండగా, క్రింద పెద్ద చేప కావలియుండును. అపుడది ఆకలిచే కాదు, పిల్లల రక్షణకై ఎరపై బడును. దానిని పట్టుట మిక్కిలి సులభము. కాని కావలి పోయిన పిల్లలను ఇతర చేపలు, కొంగలు మ్రింగివేయును. ఒక్క పూట కూరకై ఒక తరమే పోవును. చెరువులపై హక్కు మత్స్యకారుల సహకార సంఘములదైన చోట ఆ నష్టము వారి జీవనమునకే. వారి అనుమతి పొంది గాలము వేయుడు. పిల్లల గుంపు కనబడిన చోట గాలమును చుట్టి తీసికొనుడు. గాలపు మొన వెనుకనున్న ముల్లును పట్టకారుతో నొక్కివేసినచో చిన్న చేపను ఎక్కువ గాయము లేక విడువవచ్చును.

ఎర గట్టిదైనపుడు మరొక దినము వేచియుండుటకు భయమేల?