పొదుపు సంఘమున ఎందరుండవలెను?

పంచాయతీ సభ్యులారా!

సంఘములను బ్యాంకులతో జోడించు పథకమును నాబార్డు 1992లో ఆరంభించెను. పొదుపు సంఘమునకు 10 మొదలు 20 మంది అను హద్దు అందు పాటింపబడినది. ఆనాడు అమలులోనుండిన 1956 కంపెనీల చట్టము ప్రకారము, లాభాపేక్షతో వ్యాపారము చేయు సంఘమున 20 మందికి మించినచో రిజిస్టరు కావలసియుండెను.

అయినను అసలు కారణము పరస్పర విశ్వాసము. తాకట్టులేని అప్పునకు అదియే హామీ. 10 మందిలో ఇద్దరిద్దరి నడుమ పరిచయములు 45. 20 మందిలో 190. 40 మందిలో 780. అంతమంది చేరినచోట నలుగురు మాటలాడుదురు, తక్కినవారు వేలిముద్రలు వేయుదురు. అయిదుగురే యున్నచో ఒక్కరు వాయిదా తప్పినను సంఘము కుంగును.

కావున మన కర్తవ్యమేమి? సంఘము నిండినదని పేద కూలి స్త్రీని వెనుకకు పంపరాదు; నిండిన సంఘములో ఇరికింపనురాదు. అట్టివారిని పదిమందిని కూర్చి క్రొత్త సంఘము నెలకొల్పుటకు తోడ్పడవలెను. పెద్ద పనులకు సంఘములు గ్రామ సమాఖ్యగను, అవి మండల సమాఖ్యగను కూడుచున్నవి. సంఘము చిన్నదిగను, సమాఖ్య పెద్దదిగను ఉన్నచో విశ్వాసమును బలమును రెండును నిలుచును.

మీ గ్రామమున ఏ సంఘమునను చేరని స్త్రీలెవరో రాబోవు గ్రామసభలో విచారింపవలెనని మేము కోరుచున్నాము.