ఐదే స్వరాలు: మా స్కూల్ బ్యాండ్, ఒక మౌత్‌పీస్

ఈసారి ఫోన్ల గురించి కాదు, ఏఐ గురించి కూడా కాదు. నా చేతిలో ఏముందో చూడండి. వీడియో చూడకుండా చదువుతున్నవాళ్ళకి చెప్తున్నా: ఇదొక ఇత్తడి ముక్క. చిన్న గరాటులా ఉంటుంది, బొటనవేలికంటే కాస్త పొడుగు. పచ్చగా చిలుం పట్టేసింది.

మా నాన్న ఈమధ్యే స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయ్యారు. ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేయాలి. నేను అక్కడే పెరిగాను. అటక మీద సామాన్లు దించుతుంటే ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఇది దొరికింది. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి "ఇదేట్రా, కుళాయి ముక్కా?" అంది. కాదమ్మా, బ్యూగిల్ మౌత్‌పీస్. బాకాకి మూతి ఆనించే భాగం. అది నాది కూడా కాదు, స్కూల్‌ది. 2012 నుంచి నా దగ్గరే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో తర్వాత చెప్తాను, ముందు బ్యాండ్ గురించి వినండి.

ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలకి స్కూల్ బ్యాండ్ అంటే ఆన్యువల్ డే రోజు కీబోర్డు, గిటారు అనుకుంటారేమో. మాది అది కాదు. నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము, రెండు టెనార్ డ్రమ్ములు, ఒక జత తాళాలు, ఎనిమిది బ్యూగిళ్ళు. ముందు కర్ర తిప్పుకుంటూ బ్యాండ్ మేజర్. అంతే. ఫ్లూట్ లేదు, ట్రంపెట్ లేదు. ఆగస్టు 15కి, జనవరి 26కి టౌన్‌షిప్‌లో తృష్ణా గ్రౌండ్‌లో పరేడ్. సీఐఎస్‌ఎఫ్ వాళ్ళు ముందు, వెనక స్కూళ్ళు. బాగా నడిచిన స్కూల్‌కి షీల్డు. ఆ షీల్డు కోసం మేం చేసిన యుద్ధాలు చెప్తే మీరు నమ్మరు. పక్క స్కూల్‌వాళ్ళ ప్రాక్టీస్ చూడడానికి గోడెక్కి మోకాలు చీరుకున్న బ్యాచ్ మాది.

ప్రాక్టీస్ పొద్దున్న ఆరింటికి. టౌన్‌షిప్‌లో ఆరు అంటే ఏంటో తెలుసా? సీ షిఫ్ట్ దిగే టైము. రాత్రి పదికి వెళ్ళి, ఫర్నేస్ దగ్గర తెల్లార్లూ నిలబడి, ఆరింటికి వదిలితే ఇంటికొచ్చి పడుకుందామనుకున్న నాన్నలకి ఎనిమిది బాకాలు, నాలుగు డ్రమ్ములు. కంప్లైంట్లు వచ్చేవి. మా సార్ గ్రౌండ్‌లో ఆ మూలకి మార్చేవారు, ఆ మూలనుంచి ఇంకో సెక్టారు వాళ్ళ కంప్లైంట్. మా నాన్నే ఓసారి చెవిలో దూది పెట్టుకుని పడుకోవడం చూశాను. ఏమీ అనలేదు మాత్రం.

బ్యాండ్ సార్ నేవీలో చేసి రిటైర్ అయినాయన. ఉండేది గాజువాక. మాట మా ఊరి మాటే. డ్రమ్ముల మీద ఒక దెబ్బల వరస ఉంటుంది, పారాడిడిల్ అంటారు: కుడి, ఎడమ, కుడి, కుడి. మళ్ళీ ఎడమ, కుడి, ఎడమ, ఎడమ. ప్రపంచమంతా డ్రమ్మర్లు మొదట్లో నేర్చుకునేవాటిలో ఇదొకటి. సార్ ఆ పేరు ఒక్కసారి చెప్పి, మా మొహాలు చూసి, "పకోడీలు అనండ్రా" అన్నారు. ప-కో-డీ-లు, ప-కో-డీ-లు. కొట్టి చూడండి, సరిగ్గా నాలుగు దెబ్బలు. ఖాళీ కడుపుతో పొద్దున్నే పకోడీలు పకోడీలు అనుకుంటూ కొట్టడం కూడా ఒక శిక్షే.

మా నాన్నమ్మ ఒకసారి ఊర్నించి వచ్చి పరేడ్ చూసింది. బేస్ డ్రమ్ము గుండెకి కట్టుకుని కొడుతున్న మా వాడిని చూసి, "తప్పెటగుళ్ళోళ్ళు బూట్లేసుకున్నారేట్రా?" అంది. అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ కరెక్టే. ఉత్తరాంధ్రలో గుండెకి డ్రమ్ము కట్టుకుని, వరసగా నిలబడి, అడుగు తప్పకుండా వాయించడం కొత్తేం కాదు. తప్పెటగుళ్ళలో చేతులతో కొడతారు, మేం కర్రలతో కొట్టాం. వాళ్ళు ఎగురుతారు కూడా. మేం ఎగిరితే సార్ తన్నేవారు.

నేను మొదట సైడ్ డ్రమ్ము, ఎనిమిదో క్లాసునుంచి బ్యూగిల్. ఇక్కడ నాలోని ఇంజనీర్ కాసేపు మాట్లాడతాడు, ఓపిక పట్టండి.

ట్రంపెట్‌కి మూడు బటన్లు ఉంటాయి. నొక్కితే గాలి వెళ్ళే గొట్టం పొడుగు మారుతుంది, స్వరం మారుతుంది. బ్యూగిల్‌కి బటన్లు లేవు. గొట్టం ఎప్పుడూ ఒకే పొడుగు. మరి స్వరాలు ఎలా? పెదాలు బిగించాలి, గాలి జోరు పెంచాలి. అలా బిగిస్తూ పోతే గొట్టం తనంతట తను ఒక్కో మెట్టు ఎక్కుతుంది. మామూలుగా వాడుకునేవి ఐదే మెట్లు: స, ప, పై స, పై గ, పై ప. రి లేదు, మ లేదు, ద, ని లేవు. అందుకే బ్యూగిల్ మీద జనగణమన రాదు. మొదటి ముక్కలోనే రి కావాలి కదా. కావాలంటే ప్రయత్నించండి, గొట్టం ఒప్పుకోదు. ఫాల్ ఇన్ పిలుపు, సెల్యూట్ పిలుపు, చనిపోయిన సైనికులకి వాయించే లాస్ట్ పోస్ట్, అన్నీ ఈ ఐదింట్లోనే. డిసెంబర్ 4 నేవీ డే రోజు మన ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్థూపం దగ్గర పూలగుచ్ఛం పెట్టే సమయానికి ఎప్పుడైనా ఉంటే వినండి. బీచ్‌లో ముంత మసాలా బండ్ల అరుపులు కూడా ఆగుతాయి. ఐదు స్వరాలకి ఆ పవర్ ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సరే, పాత రోజులు బంగారం అని చెప్పడానికే ఈ వీడియో అనుకుంటున్నారా? నేనూ అలాగే మొదలుపెట్టాను. స్క్రిప్ట్ కూడా రాసేశాను, కళ్ళలో నీళ్ళొచ్చే మ్యూజిక్ కూడా ఎంచుకున్నాను. ఈలోపు మా బేస్ డ్రమ్ము వాడు, ఇప్పుడు హైదరాబాద్‌లో టెస్టింగ్‌లో ఉన్నాడు, వాళ్ళ నాన్న పాత నోకియా ఫోన్‌లో తీసిన 2011 ఆగస్టు 15 వీడియో పంపాడు. త్రీజీపీ ఫైలు. మొహాలు కనపడవు, తెల్ల చుక్కలు నడుస్తుంటాయి. కానీ సౌండ్ ఉంది.

విన్నాను. ఘోరం. నిజంగా ఘోరం. సాఫ్ట్‌వేర్‌లో వేసి కొలిచాను కూడా. మార్చ్ అంటే నిమిషానికి 120 అడుగుల దగ్గర నిలకడగా ఉండాలి. మేం 114 దగ్గర మొదలుపెట్టి, డయాస్ దాటేసరికి 130. అంటే పెద్దవాళ్ళని చూడగానే పరుగెత్తాం. ఎనిమిది బ్యూగిళ్ళు ఎనిమిది శ్రుతుల్లో ఉన్నాయి. ఆ రోజు షీల్డు మాకే వచ్చింది, అంటే మిగతావాళ్ళు ఎలా వాయించారో మీరే ఊహించుకోండి.

అయినా ఆ రాత్రి ఒంటిగంట వరకూ బ్యూగిల్ వీడియోలు చూస్తూనే ఉన్నాను. అల్గారిథమ్ నన్ను అమెరికా తీసుకెళ్ళింది. అక్కడ దీన్ని డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల సంఘాలు, వాళ్ళ ఊళ్ళలో పిల్లలకి డ్రమ్ములు, బ్యూగిళ్ళు ఇచ్చి పోటీలు పెట్టడం అలవాటు చేశాయి. 1971లో టీమ్‌లే కలిసి సొంతంగా ఒక సంస్థ పెట్టుకున్నాయి, డీసీఐ అని. 1972లో విస్కాన్సిన్‌లో వైట్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో మొదటి ఛాంపియన్‌షిప్, గెలిచింది కాలిఫోర్నియా టీమ్, అనహైమ్ కింగ్స్‌మెన్. ఇప్పుడు అది పెద్ద షో. కానీ ఒక విషయం చూసి ఆగిపోయాను. అక్కడ రూల్స్ మారుతూ వచ్చాయి. 1990లో మూడు వాల్వులు ఒప్పుకున్నారు, 2000లో ఏ శ్రుతి వాయిద్యమైనా సరే అన్నారు, 2004లో మైకులు వచ్చాయి. అంటే పేరులో బ్యూగిల్ ఉంది, గ్రౌండ్‌లో బ్యూగిల్ దాదాపు లేదు. పాత అభిమానులు ఇప్పటికీ దీని గురించి కొట్టుకుంటూనే ఉంటారు. "మా రోజుల్లో" అనే మాట అమెరికాలో కూడా ఉంది, అది తెలిసి కాస్త ఊరట కలిగింది.

వాయించడంలో ఇప్పటి పిల్లలు గొప్పవాళ్ళు, అనుమానమే లేదు. మన దేశంలో కూడా రిపబ్లిక్ డే టైములో ఢిల్లీలో జాతీయ స్కూల్ బ్యాండ్ పోటీలు జరుగుతున్నాయి. విభాగాలు చూశాను: బ్రాస్ బ్యాండ్ అబ్బాయిలకి, అమ్మాయిలకి, పైప్ బ్యాండ్ అబ్బాయిలకి, అమ్మాయిలకి. డ్రమ్ములూ బ్యూగిళ్ళూ మాత్రమే ఉన్న మాలాంటి పేద బ్యాండ్‌కి అందులో పేరు లేదు. తప్పు కాదు. కానీ శాక్సాఫోన్లు కొనలేని స్కూల్‌కి ఐదు స్వరాల బాకాయే కదా మొదటి మెట్టు? ఇది నా కంప్లైంట్, ఒప్పుకోకపోతే పర్వాలేదు.

మా బ్యాండ్ ఎలా పోయిందంటే, రెండు రకాలుగా పోయింది. ఒకటి అందరికీ తెలిసింది: 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్. బ్యాండ్ రూమ్ రేకులు ఎగిరిపోయాయి, డ్రమ్ముల తోలు నానిపోయింది, మళ్ళీ కొనలేదు. రెండోది అంతకు ముందే మొదలైంది. అందులో నేనున్నాను.

2012 జూన్. పదో క్లాసు. ఫిజిక్స్ ట్యూషన్ పొద్దున్న ఆరింటికి పెట్టారు. నేనప్పుడు లీడ్ బ్యూగిల్. పరేడ్‌లో మొదటి పిలుపు ఒక్కడే ఊదాలి, గ్రౌండ్ అంతా నిశ్శబ్దంగా ఉంటుంది, తప్పితే దాచుకోవడానికి పక్కన ఎవరూ ఉండరు. నేను సార్‌కి చెప్పకుండా మానేశాను. చెప్పాలంటే ఆయన మొహం చూడాలి కదా. ఒక రోజు మానేశా, రెండో రోజు మానేశా, తర్వాత ఆయన సైకిల్ కనబడితే సందు మార్చేశా. బ్యూగిల్ రూమ్‌లోనే ఉంది, జేబులో మౌత్‌పీస్ నా దగ్గరుంది.

ఆ ఆగస్టు 15కి నేను జనంలో నిలబడి చూశాను. మొదటి పిలుపు ఊదింది ఏడో క్లాసు అమ్మాయి. మూడో స్వరం దగ్గర పగిలిపోయింది. అంటే పై స అందక, గొంతు కీచుమన్నట్టు. జనం నవ్వారు. నా పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వినట్టు పెదాలు కదిపాను. ఆ అమ్మాయి మళ్ళీ మొదటినుంచి ఊదింది, ఈసారి పూర్తిగా. షీల్డు రాలేదు.

ఈ మౌత్‌పీస్ దొరికిన తర్వాత ఆదివారం గాజువాక వెళ్ళాను. సార్ ఇల్లు కనుక్కోవడానికి మూడు సందులు తిరిగాను. ఇప్పుడు ఎడమ చెవి సరిగ్గా వినపడదు, డ్రమ్ముల పుణ్యం. నన్ను గుర్తుపట్టడానికి ఒక నిమిషం పట్టింది. ముందు 2011 వీడియో పెట్టాను. కుడి చెవికి ఫోన్ ఆనించుకుని మొత్తం విన్నారు. "బేస్ డ్రమ్మోడు లేటు" అన్నారు. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా వాడు లేటే.

మౌత్‌పీస్ చేతిలో పెట్టాను. "సార్, ఇది స్కూల్‌ది. అప్పుడు చెప్పకుండా మానేశాను" అన్నాను. ఇంకా ఏదో పెద్ద డైలాగ్ ప్రిపేర్ అయ్యి వెళ్ళాను, రాలేదు.

ఆయన దాన్ని వేలితో రుద్ది చూశారు. "నువ్వు మానేస్తే కొంపలేం మునిగిపోలేదురా. ఆ గుంట రెండు నెలల్లో నేర్చేసుకుంది. నీకు ఏడాది పట్టింది." ఆగి, మళ్ళీ అన్నారు: "దానికి సరైన మౌత్‌పీస్ లేదు. వేరేది దొరికితే దారం చుట్టి బిగించాం. గాలి పోయేది."

నేనేం మాట్లాడలేదు. ఇన్నేళ్ళూ ఆ అమ్మాయి భయపడి తప్పు ఊదిందనే అనుకుంటున్నాను.

లోపలికి వెళ్ళి ఆంటీగారిని అడిగి చింతపండు తెచ్చారు. "తోము" అన్నారు. పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని పావుగంట తోమాను. గోడకి వేలాడుతున్న ఆయన సొంత బ్యూగిల్ దించి, దానికి బిగించి నా చేతికిచ్చారు. ఊదాను. స వచ్చింది. ప వచ్చింది, కొంచెం వంకరగా. పై స రాలేదు. పక్కింటివాళ్ళ కుక్క మొరిగింది. మూడుసార్లు ప్రయత్నించి మూతి నొప్పెట్టి ఆపేశాను.

"వచ్చే ఆదివారం రా" అన్నారు. వీడియో తీసుకోవచ్చా సార్ అని అడిగాను. వద్దన్నారు. అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. మౌత్‌పీస్ కూడా ఆ అమ్మాయి అడ్రస్ దొరికేవరకే నా దగ్గర ఉంటుంది.