ముందు కట్టె కొలుద్దాం, తర్వాతే మిషను కొందాం

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కట్టెలు కోసి చీల్చే మిషను ఒకటి సంఘం తరఫున ఉమ్మడిగా కొందామని చాలా ఊళ్ల నుంచి అడుగుతున్నారు. అడగడం న్యాయమే. సుబాబుల్, జామాయిలు, సరుగుడు తోటలు కొట్టినప్పుడు మంచి బోదె కాగితం మిల్లుకు పోతుంది. కొసలు, కొమ్మలు, వంకర కట్టె చేలో మిగులుతుంది. దళారీ వచ్చి ఆ కుప్పను కంటిచూపుతో అంచనా వేసి కొంటాడు. అదే కట్టెను కోయించి, కాటా వేసి పొగాకు బ్యారన్లకు, హోటళ్లకు అమ్ముకుంటాడు. ఆ తేడా మన ఇంటికి రావాలంటే కోత మన చేతిలో ఉండాలి. ఇందులో మనకు రెండో మాట లేదు.

పేచీ అంతా ఏ మిషను కొనాలన్న దగ్గరే. సెల్‌ఫోన్లో వీడియోలు అందరం చూస్తున్నాం. పెద్ద మొద్దు దానంతట అదే ముందుకు జరుగుతుంది, రంపం కోస్తుంది, నాలుగు చెక్కలుగా చీలి ట్రక్కులో పడుతుంది. చూడ్డానికి బాగుంది. కానీ అది చలి దేశాల్లో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి, లావుగా తిన్నగా పెరిగిన మానుల కోసం చేసిన మిషను. మన కుప్పలో ఎక్కువ భాగం మణికట్టు లావు నుంచి తొడ లావు వరకు ఉండే కట్టె. ఆ మిషను మన కట్టెకు సరిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

ఒక లెక్క చూద్దాం. పొడవు ఒకటే అయితే, కట్టెలో ఉండే సరుకు దాని అడ్డుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. 12 అంగుళాల మొద్దును ఒక కోత కోస్తే వచ్చే సరుకులో తొమ్మిదో వంతే 4 అంగుళాల కట్టె ఒక కోతకు వస్తుంది. సన్నకట్టెను రంపం కాస్త త్వరగా కోస్తుంది, నిజమే. కానీ కట్టె జరగడానికి, ఆగడానికి పట్టే సమయం తగ్గదు. అంటే అమ్మేవాళ్లు గంటకు ఇన్ని టన్నులని చెప్పే మాట లావు మొద్దుల మీద చెప్పిన మాట. మన కట్టె మీద అందులో నాలుగో వంతు కూడా రాకపోవచ్చు. డీజిల్ మాత్రం తాగాల్సింది తాగుతుంది, బ్యాంకు వాయిదా నెలనెలా వస్తుంది.

అలాగని లావు మొద్దులను లెక్కలో వదిలేయకూడదు. 100 కట్టెల్లో 90 కట్టెలు 4 అంగుళాలవి, 10 మాత్రం 10 అంగుళాలవి అనుకోండి. సంఖ్య చూస్తే లావువి పదో వంతే. బరువు చూస్తే ఆ పదే మొత్తంలో దాదాపు 41 శాతం. కాబట్టి ఎన్ని ఉన్నాయన్నదీ, ఎంత బరువన్నదీ రెండూ చూడాలి.

కొలవడం కష్టం కాదు. టేపుతో కట్టె మధ్యలో చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. 22 అంగుళాల చుట్టుకొలత ఉంటే 7 అంగుళాల కట్టె. ఏరకుండా వరసగా 100 కట్టెలు కొలిచి మూడు వరసల్లో రాయండి: 4 అంగుళాల లోపు, 4 నుంచి 8, 8 పైన. వంకరవి ఎన్నో పక్కన రాయండి. మిషను మీద రాసిన కొలత తిన్నటి కట్టెకే. వంకర, కణుపు ఉంటే అంత లావు లోపలికి పోదు.

ఈ పట్టీ చేతికొస్తే దారి తెలుస్తుంది. సన్నకట్టె బరువే ఎక్కువైతే ట్రాక్టరుతో నడిచే చక్రరంపం చాలు. నాలుగైదు కట్టెలు కలిపి పెట్టి ఒకేసారి కోసే తొట్టి దానికి ఉండాలి. సన్నకట్టెను చీల్చాల్సిన పనే లేదు. 4 నుంచి 8 ఎక్కువుంటే దానికి హైడ్రాలిక్ చీలిక మిషను విడిగా జత చేద్దాం. 8 పైనవి కొద్దిగా ఉంటే చేతి మోటారు రంపంతో కోసి చీలికకు వేద్దాం. అవే సగానికి మించి, ఏడాది పొడవునా వస్తేనే పెద్ద మిషను ఆలోచన.

అమ్మేవాళ్లను రెండు ప్రశ్నలు అడుగుదాం. చక్రరంపం అయితే, బ్లేడు ఎన్ని అంగుళాలు? 30 అంగుళాల బ్లేడు 30 కోయదు. సగం 15, అందులో ఇరుసు దగ్గరి బిళ్ల పోను 12 దగ్గర ఆగుతుంది. చీలిక అయితే, సిలిండరు లోపలి కొలత ఎంత, ఆయిలు ప్రెషరు ఎంత? 100 మిల్లీమీటర్ల సిలిండరు వైశాల్యం 78.5 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు 175 కిలోల ప్రెషరుంటే నెట్టే బలం 13.7 టన్నులు. కాగితం మీద 25 టన్నులని రాసుంటే అక్కడే నిలదీయొచ్చు. ఆ తర్వాత మన కట్టె ఒక ట్రక్కు తోలుకెళ్లి వాళ్ల ముందే కోయించి, గంటకు ఎంత వచ్చిందో కాటా వేద్దాం. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు. సబ్సిడీ ఆశ చూపితే ఆ మోడలు వ్యవసాయ శాఖ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకుందాం.

పొడవు సంగతి కూడా ఉంది. బ్యారన్ పొయ్యికి ఒక పొడవు, టీ హోటలుకు ఒక పొడవు. కొనేవాళ్ల పొయ్యి నోరు కొలిచి, కోత పొడవు మార్చుకునే వీలున్న మిషనే తీసుకోవాలి. అన్నిటికన్నా ముందు, పోలుకు పనికొచ్చే సరుగుడును, మిల్లుకు పోయే బోదెను పొయ్యికట్టెగా కోసి మనమే నష్టపోవద్దు.

ఇక మనుషుల సంగతి. ట్రాక్టరు పీటీవో షాఫ్టు నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది. పైట కొంగు, తువ్వాలు, లుంగీ అంచు చుట్టుకుంటే కేక వేసేలోపే అయిపోతుంది. షాఫ్టుకు తొడుగు, బ్లేడుకు కప్పు లేని మిషను సగం ధరకు ఇచ్చినా మనకొద్దు. ఇన్నాళ్లు గొడ్డలి పట్టి మన కట్టె కొట్టిన కూలీలకే నేర్పించి, మిషను మీద పని వాళ్లకే ఇద్దాం. మిషను వచ్చి వాళ్ల పొట్ట కొట్టిందన్న మాట సంఘానికి రాకూడదు.

పైసా పైసా వేసుకుని కొనేది ఇది. షెడ్డులో తుప్పు పడితే పోయేది డబ్బొక్కటే కాదు, రేపు ఇంకో ఉమ్మడి పనికి రమ్మంటే ఎవరూ రారు. అందుకే తీర్మానం ఒక్కటే పెడుతున్నాం. ప్రతి ఊరి కమిటీ 100 కట్టెలు కొలిచి, ఆ పట్టీతో వచ్చే నెల సమావేశానికి రావాలి. పట్టీలన్నీ బల్ల మీద పెట్టాకే ఏ మిషనో తేలుద్దాం.