తలకిందులుగా వేలాడిన పురుగు



ఎవరి పేరు మీద మనం ఇవాళ ఇక్కడ కూడామో ఆ సారు నాకు డిగ్రీలో జువాలజీ చెప్పారు. ఒకనాడు అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టారు. అందులో శనగ చేనులో దొరికిన పచ్చ పురుగు, చచ్చినది. కొమ్మ చివరికి పాకి, వెనక కాళ్ళతో పట్టుకొని, తలకిందులుగా వేలాడుతూ చచ్చిందట. సూది మొన తగలగానే తోలు పగిలి పాలలాంటి నీళ్ళు కారాయి. ఆ చుక్కను గాజు పలక మీద వేసి మైక్రోస్కోపులో చూడమన్నారు. కంకర పోసినట్టు మెరిసే స్ఫటికాలు కనిపించాయి. “ఇవి వైరస్ కాదురా, వైరస్ కట్టుకున్న ఇల్లు” అన్నారు.

ఆ ఇంటి చరిత్రే ఇవాళ్టి నా ఉపన్యాసం.

పట్టుపురుగులు పెంచేవాళ్ళకు ఈ రోగం శతాబ్దాలుగా తెలుసు. రోగం తగిలిన పురుగు రక్తంలో ఈ స్ఫటికాలున్నాయని 1856లో ఇటలీ శాస్త్రవేత్తలు మయేస్త్రి, కొర్నాలియా గుర్తించారు. స్ఫటికం లోపల కడ్డీల్లాంటి వైరస్ దాగి ఉందని 1947లో బెర్గోల్డ్ నిరూపించారు. ఈ జాతికి బాక్యులోవైరస్ అని పేరు. మన రైతులు ‘ఎన్‌పీవీ ద్రావణం’ అని పిలిచేది ఇదే. సాయంత్రం పూట, కాస్త బెల్లం, బట్టలకు వాడే నీలిమందు కలిపి కొడతారు. ఎక్కువ ఎండ తగిలితే వైరస్ చచ్చిపోతుంది కాబట్టి ఆ జాగ్రత్త. డబ్బా మీద ఎల్‌ఈ అని రాసి ఉంటుంది. ఒక్క ఎల్‌ఈ అంటే 600 కోట్ల స్ఫటికాలు.

అసలు ఈ స్ఫటికాలు ఎందుకు? పురుగు చచ్చి ఆకు మీద, మట్టిలో కలిసిపోయాక, ఇంకో పురుగు వచ్చి ఆ ఆకు తినేదాకా వైరస్ ఎండకు, వానకు ఓర్చుకోవాలి. ఆ కాపలాకే పాలీహెడ్రిన్ అనే ప్రొటీన్‌తో చుట్టూ గోడ కట్టుకుంటుంది. చివరి గడియల్లో వైరస్ సోకిన కణం మిగతా పనులన్నీ మానేసి ఆ ఒక్క ప్రొటీన్‌నే కుప్పలుగా పోస్తుంది. కణంలోని మొత్తం ప్రొటీన్‌లో పావు వంతు పైనే అదే ఉంటుంది.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. గాజు సీసాలో పెరిగే కణాలకు ఎండ లేదు, వాన లేదు. అక్కడ వైరస్‌కు గోడతో పని లేదు. గోడ కట్టే జన్యువును తీసేసి, దాని స్థానంలో మనకు కావలసిన ప్రొటీన్ జన్యువును పెడితే? వైరస్ తన పని తాను చేసుకుపోతుంది, కణం మనకు కావలసింది పోస్తుంది.

అందుకు ముందు కీటక కణాలు సీసాలో బతకాలి. 1962లో ఆస్ట్రేలియాలో థామస్ గ్రేస్ అది సాధించారు. ఆయన పేరు మీద నేటికీ వాడే ద్రావణంలో లీటరుకు 26 గ్రాముల పైన చక్కెర ఉంటుంది. సభలో శక్కర్‌నగర్ వాళ్ళున్నారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. 1937లో పెట్టిన మన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది కానీ, చక్కెర అంటే ఈ జిల్లాకు ఉన్న మమకారం పోలేదు. కణాల చుట్టూ ఉండే నీటి చిక్కదనం సరిగా ఉండటానికి ద్రావణంలో ఆ చక్కెర కావాలి. లేకుంటే అవి ఉబ్బి పగులుతాయి.

1977లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన బెల్ట్స్‌విల్ ప్రయోగశాలలో జేమ్స్ వాన్ బృందం ఒక పురుగు ప్యూపా అండాశయం నుంచి కణాలను తీసి పెంచింది. దాన్నుంచి వేరు చేసిన ఎస్ఎఫ్9 అనే కణాలే నేడు లోకమంతా వాడుతున్నది. 27 డిగ్రీల వేడి చాలు, మనిషి కణాలకు కావలసిన కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు. ఆ పురుగు పేరు స్పోడోప్టెరా ఫ్రుజిపెర్డా. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

1983లో టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో మాక్స్ సమ్మర్స్, గేల్ స్మిత్ ఆ కణాల్లో మనిషి బీటా ఇంటర్‌ఫెరాన్ చేయించారు. కొత్త జన్యువు చేరిన వైరస్‌ను పట్టుకోవడానికి అప్పట్లో కళ్ళే ఆధారం. పళ్ళెంలో వైరస్ తిన్న చోటల్లా చిన్న మచ్చ పడుతుంది. మామూలు వైరస్ మచ్చ స్ఫటికాలతో మెరుస్తుంది, గోడ పోయినది మెరవదు. వేల మెరిసే మచ్చల మధ్య మెరవని ఒక్క మచ్చ కోసం గంటల తరబడి కూర్చొని వెతకాలి. ఆ ఓపిక లేనిదే ఈ విద్య లేదు.

బాక్టీరియాలో చేసుకోవచ్చు కదా అంటే, మనిషి ప్రొటీన్లు చాలావాటికి చక్కెర గొలుసులు తగిలించాలి, సరిగా మడత పెట్టాలి. సాధారణంగా వాడే బాక్టీరియాకు అది చేతకాదు. కీటక కణం మనిషి కణం అంత నేర్పుగా కాకున్నా చాలావరకు చేస్తుంది.

1987లో సమ్మర్స్, స్మిత్ ఈ పద్ధతి మొత్తాన్ని పుస్తకంగా వేశారు. అది టెక్సస్ వ్యవసాయ ప్రయోగ కేంద్రం 1555వ బులెటిన్‌గా వచ్చింది. ఎరువుల మీద, తెగుళ్ళ మీద వేసే బులెటిన్ల వరుసలో! ఈ విద్య చేను గట్టు మీద పుట్టిందని నేను గట్టిగా నమ్మడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాత ఫలాలు వచ్చాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే సెర్వారిక్స్ టీకా ప్రొటీన్ ఇంకో పురుగు కణాల్లో తయారవుతుంది. కొవిడ్ కాలంలో నోవావాక్స్ టీకా స్పైక్ ప్రొటీన్‌ను ఎస్ఎఫ్9 కణాల్లోనే చేశారు. పుణేలో తయారైన ఆ టీకాకు కోవోవాక్స్ పేరుతో 2021 డిసెంబరులో మన దేశం అనుమతి ఇచ్చింది. హైదరాబాద్ సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో జె. నాగరాజు గారు ఈ వైరస్‌నే ఎదురు దిక్కు నుంచి చూశారు. దానికి లొంగని పట్టుపురుగును తయారుచేసే పని ఆయనది. 2012 చివర ఆయన పోయాక, 2013లో ఆ పరిశోధనపత్రం అచ్చయింది.

ఇక ఎస్ఎఫ్9 కణాలిచ్చిన ఆ స్పోడోప్టెరా పురుగు. 2018లో అది కర్ణాటకలో మొదట కనబడి, అదే ఏడాది మన మక్క చేలలోకి దిగింది. తల మీద తిరగేసిన ‘వై’ గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. పసుపులో అంతర పంటగా వేసిన మక్క సుడిలో దూరి రంపపు పొట్టులాంటి రెట్ట వేసేది. మనం కత్తెర పురుగు అని తిట్టుకునేది దాన్నే. దాని వల్ల నష్టపోయిన రైతు కోపం నాకు తెలుసు. దాని కణాలు పోసిన టీకాతో బతికిన మనుషులున్నారన్నదీ అంతే నిజం.

ఆ పురుగుకూ తన సొంత ఎన్‌పీవీ ఉంది. అందుకే నా విన్నపం. వచ్చే వానకాలం మీ మక్క చేనులో ఆకు కొసన తలకిందులుగా వేలాడే పురుగు కనిపిస్తే తొక్కేయకండి. సీసాలో వేసి, ఊరి పేరు, తేదీ రాసి దగ్గరి కాలేజీ జువాలజీ విభాగానికి పంపండి. లెక్చరర్లూ, పిల్లలకు ఆ చుక్కను చూపించండి. సారు మైక్రోస్కోపు ఇంకా పనిచేస్తున్నది.