జడ ఎవరిది?



బందరు నుంచి, గుడివాడ నుంచి, దివిసీమ నుంచి వచ్చిన మీకు భామాకలాపం కొత్త కాదు. కూచిపూడి మన పొరుగూరే. తెర మీదుగా సత్యభామ జడ బయటికి పడుతుంది. అందంలో, ఆటలో నన్ను మించినవారు ఉంటే రమ్మని సవాలు అది. ఆ జడ ఎవరిది అన్నదే ఈ రోజు నా ప్రశ్న.

ఆ ఊళ్లో తరతరాలుగా అది బ్రాహ్మణ పురుషులది. ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని చెప్పుకుంటారు. స్త్రీవేషంలో పేరుపొందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభను నేను కాదనను. మగవాడు ధరించిన స్త్రీ సౌందర్యం భక్తి అయింది, కళ అయింది.

కూచిపూడి పక్కనే క్షేత్రయ్య మొవ్వ. ఆయన పదాలను పాడి, అభినయించి బతికించినవారు కళావంతుల స్త్రీలు. భామాకలాపం వాళ్లూ ఆడారు. అదే శృంగారం వాళ్ల ఒంటి మీద అవినీతి అయింది. 1947 నాటి మద్రాసు చట్టం ఆడపిల్లలను దేవుడికి అంకితం చేయడాన్ని నిషేధించింది. గుళ్లలో వాళ్ల నాట్యాన్నీ నిషేధించింది. మొదటిది న్యాయం. ఆ దోపిడీని నేను సమర్థించను. రెండోది శిక్ష. అది పడింది పోషకుడికి కాదు, ఆడిన మనిషికి.

1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. మధ్యతరగతి ఆడపిల్లలు గజ్జె కట్టారు. మంచిదే. కళావంతుల ఇళ్ల ఆడవాళ్లు మాత్రం కులం దాచుకుని బతకాల్సి వచ్చింది.

ఇప్పుడు కొందరు ఈ లెక్కను తిరగరాస్తున్నారు. యశోదా ఠాకూర్ తన కళావంతుల వారసత్వాన్ని బాహాటంగా చెప్పుకుని ఆ నాట్యం చేస్తున్నారు. హలీం ఖాన్ అనే ముస్లిం నర్తకుడు స్త్రీవేషంలో కూచిపూడి ఆడుతున్నారు. దేవుడి ముందు అందంగా నిలబడే హక్కు ఏ కులానిది, ఏ మతానిది, ఏ లింగానిది అని వీళ్ల ఆటే మనల్ని అడుగుతోంది.

చివరగా మనమాట. జాతరలో రికార్డింగ్ డాన్సులు ఆపించమని మన సంఘాల దగ్గరికి కాగితాలు వస్తాయి. సంతకం పెట్టేముందు ఆ ఆడే అమ్మాయిలతో మనలో ఎంతమందిమి మాట్లాడాం? వాళ్లకు కూలి ఎంత ముడుతోంది, రాత్రి తిరిగి వెళ్లడానికి రక్షణ ఏముంది, బలవంతం ఉందా అని అడిగామా? దోపిడీ మీద పోరాడదాం. ఆడదాని ఒంటిని అశ్లీలమనే తీర్పు మాత్రం మన చేత్తో రాయవద్దు. 1947లో జరిగిన పొరపాటు మళ్లీ మన వల్ల జరగకూడదు.