కోర్టు ఖర్చుకు పాడి పశువును అమ్ముకోవద్దు

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత పాల సంఘాల సభ్యులకు చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘం సమావేశమంటే దాణా, పచ్చిమేత, వెన్న శాతం, గొడ్ల రోగాలు, ఇవే మాట్లాడుకుంటాము. ఈవేళ మేము కోర్టు సంగతి ఎత్తుకున్నాము. పాలకూ కోర్టుకూ సంబంధమేమని మీలో కొందరు అనుకోవచ్చు. సంబంధమున్నది. పశువుకు మేత కావాలంటే చేను నిలవాలి. చేను తగాదాలో పడితే ముందు మేత పోతుంది, తర్వాత పశువు పోతుంది. దావా వేయాలన్నా, ఎదుటివారు వేసిన దావాకు జవాబు చెప్పుకోవాలన్నా ఇంట్లో వెంటనే సొమ్మయ్యేది పాలిచ్చే ఎనుమొక్కటే. దానిని సంతకు తోలితే ఫీజు కట్టవచ్చు. కాని కేసు ఏళ్ళ తరబడి సాగుతుంది, పాల బిల్లు మాత్రం ఆనాడే ఆగిపోతుంది.

మన పడమటి తాలూకాల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే ఊళ్ళు కొన్నే. తక్కిన చోట్ల పత్తి, వేరుశనగ వానను నమ్ముకున్నవే. వాన మొగం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి పనులకు వలస పోతాము. తిరిగి వచ్చేసరికి గట్టు జరిగి ఉంటుంది, లేదా మనం లేనప్పుడే డిక్రీ అయిపోయి ఉంటుంది. అప్పుడు దిక్కుతోచక వడ్డీకి అప్పు తెస్తాము. ఇంకొందరు, “ఖర్చు మేము పెడతాము, గెలిస్తే భూమిలో వాటా ఇవ్వండి” అనే పెద్దమనుషుల మాటకు తలవంచి కాగితం రాసిస్తారు. ఈ మూడు దారులూ నష్టపు దారులే. వేరే దారి చట్టంలోనే ఉన్నది. దానిని తెలియజేయడమే మా ఉద్దేశం.

ఉచిత న్యాయ సహాయం

పేదరికం వల్ల ఎవరికీ న్యాయం దూరం కారాదని రాజ్యాంగంలో 39ఎ అధికరణం 1976 నాటి 42వ సవరణతో చేరింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్, జస్టిస్ పి.ఎన్. భగవతి వంటి న్యాయమూర్తులు ఆ దశకంలో దీనికై పాటుపడ్డారు. 1987లో న్యాయ సేవాధికార సంస్థల చట్టం వచ్చింది, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చింది. ఉచిత వకీలు క్రిమినలు కేసులకే అనుకునేవారు చాలామంది ఉన్నారు. అది పొరపాటు. భూమి, పంపకం, బాకీ, మనోవర్తి వంటి సివిలు వ్యవహారాలకూ ఈ చట్టం వర్తిస్తుంది.

ఎవరికి వర్తిస్తుంది? స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేదు. కరువు, వరద వంటి విపత్తులో దెబ్బతిన్నవారికి కూడా ఉన్నది. తక్కినవారికి మన రాష్ట్రంలో సాలుకు 3 లక్షల రూపాయల ఆదాయ పరిమితి. ఆదాయం విషయమై మనం ఇచ్చే ప్రమాణ పత్రాన్నే చాలునని తీసుకోవచ్చునని చట్టం చెబుతున్నది.

అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఒక మాట గమనించాలి. ఎనుముకు మేత వేసేదీ, పాలు పితికేదీ, సంఘానికి తెచ్చి పోసేదీ చాలా ఇళ్ళలో మీరే. స్త్రీ అన్న ఒక్క కారణం చేతనే మీకు ఈ సహాయం అడిగే హక్కున్నది. పుట్టింటి ఆస్తి సంగతి తీసుకోండి. హిందూ ఉమ్మడి కుటుంబంలో ఆడబిడ్డకు సమాన వాటా మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుండే ఉన్నది, అప్పటికే పెళ్ళయినవారు మినహా. 2005 కేంద్ర సవరణ ఆ మినహాయింపును కూడా తీసివేసింది. అంతకు మునుపే పద్ధతిగా జరిగిపోయిన పంపకాలను అది కదల్చదు. హక్కు ఉన్నా ఖర్చుకు జంకి ఊరుకున్నవారు ఎందరో. ఇకనైనా జంకవద్దు.

సహాయమంటే వకీలు ఒక్కడే కాదు. కోర్టు ఫీజు, సమన్ల ఖర్చు, దావా రాయించడం, తీర్పు నకళ్ళు, ఇవన్నీ అందులోకి వస్తాయి. నియమించబడిన వకీలు మీ వద్ద పైసా తీసుకోరాదు. అడిగితే సంస్థకు ఫిర్యాదు చేయవచ్చు.

ఎక్కడ అడగాలి? ఆదోనిలో, ఎమ్మిగనూరులో కోర్టుల వద్దనే మండల న్యాయ సేవాధికార కమిటీలున్నాయి. అక్కడి జడ్జిగారే అధ్యక్షులు. జిల్లా సంస్థ కర్నూలు జిల్లా కోర్టులో ఉన్నది, జిల్లా ప్రధాన న్యాయమూర్తి దానికి అధ్యక్షులు. ఇంత మాత్రానికి కర్నూలు దాకా పోనక్కరలేదు. తెల్లకాగితంపై అర్జీ చాలు. రాయను రానివారు నోటితో చెబితే అక్కడివారే రాసుకుంటారు. 15100 నంబరుకు ఫోను చేసి కూడా అడగవచ్చు, ఆ ఫోనుకు ఖర్చు లేదు. వ్యవహారంలో పస ఉన్నదా లేదా అని వారు చూస్తారు. కాదంటే పై అధ్యక్షునికి అప్పీలు చేసుకోవచ్చు.

ఆదాయం పరిమితి దాటినవారికి

ఆదాయం కాస్త ఎక్కువ, చేతిలో మాత్రం రొక్కం లేదు. అటువంటివారికి సివిలు ప్రొసీజరు కోడులో 33వ ఆర్డరు ఉన్నది. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని రుజువు చేసుకుంటే ఫీజు లేకుండానే దావా నడుస్తుంది. తగాదాలో ఉన్న ఆస్తినీ, జప్తుకు వీలులేని ఆస్తినీ ఆ లెక్కలో చేర్చరు. సేద్యపు పనిముట్లు, సేద్యగాని జీవనానికి అవసరమని కోర్టు భావించే పశువులు జప్తుకు వీలులేనివే. ఇది మన సభ్యులు తప్పక గుర్తుంచుకోవలసిన మాట. అయితే ఇది ఫీజు మాఫీ కాదు, వాయిదా మాత్రమే. చివరకు గెలిచినా ఓడినా ఆ ఫీజును ఎవరు కట్టాలో కోర్టు నిర్ణయిస్తుంది.

ఈ సౌకర్యం మామూలు సివిలు కోర్టులకే పరిమితం కాదు. హర్యానాలో ప్రభుత్వ బస్సు కింద పడి మరణించినవాని భార్య, కుమార్తె ఫీజు లేకుండా పరిహారం అడిగితే ప్రభుత్వం అడ్డు చెప్పింది. 1979లో సుప్రీంకోర్టు, మోటారు ప్రమాదాల ట్రిబ్యునలులో కూడా పేదలకు ఈ ఆర్డరు వర్తిస్తుందని చెప్పి ప్రభుత్వ వాదనను తోసిపుచ్చింది.

సొంతంగా వకీలును పెట్టుకునేవారు ఒకరినే నమ్మక ఇద్దరు ముగ్గురిని కలవండి. ఇటువంటి కేసులు నడిపారా, కేసులో బలహీనత ఏమిటి, మొత్తం ఖర్చెంత, వాయిదాకు ఎంత అని అడగండి. “తప్పక గెలుస్తాము” అనేవారి కంటే లోపం చూపించేవారు మేలు. ఇచ్చిన డబ్బుకు రసీదు పుచ్చుకోండి. గెలిచిన ఆస్తిలో వాటా ఫీజుగా మాట్లాడుకోవడం వకీళ్ళకు బార్ కౌన్సిలు నియమాల ప్రకారం నిషిద్ధం. పొరుగువారు వాటాకు ఖర్చు పెట్టే ఒప్పందం కూడా మరీ దోపిడీగా ఉంటే కోర్టులో చెల్లదు. అయినా అది తేల్చుకోవడానికి ఇంకొక దావా కావాలి, కనుక అసలు రాసివ్వకపోవడమే క్షేమం.

గడువు మరువవద్దు

ఎంత మంచి వకీలైనా దాటిపోయిన గడువును వెనక్కు తేవడం కష్టం. ప్రామిసరీ నోటు బాకీకి 3 సంవత్సరాలు. హక్కును బట్టి భూమి స్వాధీనం అడగడానికి 12 సంవత్సరాలు. మనం లేనప్పుడు అయిన ఎక్స్‌పార్టీ డిక్రీని కొట్టివేయమని కోరడానికి 30 రోజులు. సమను సరిగా అందని యెడల, డిక్రీ సంగతి తెలిసిన నాటి నుండి ఆ 30 రోజులు లెక్క. వలస పోయేవారు చిరునామాను ఊళ్ళో నమ్మకమైనవారికి ఇచ్చిపోవాలి. కోర్టు కాగితం వస్తే తీసుకోకుండా తప్పించుకోవడం తెలివి కాదు, చేజేతులా ఓడిపోవడం.

రాజీకి వీలున్న తగాదాలకు లోక్ అదాలత్ ఉన్నది. అక్కడ ఫీజు లేదు. కోర్టులో ఉన్న కేసు రాజీ అయితే కట్టిన ఫీజు కూడా వాపసు వస్తుంది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. అందుచేత చదివించి వినకుండా వేలిముద్ర వేయవద్దు. ఇష్టం లేకుంటే కాదని లేచి రావచ్చు. కేసు మళ్ళీ కోర్టుకే పోతుంది.

పశువుల బీమా సొమ్ము రాకపోతే రెండు దారులున్నాయి. బీమా సేవల వివాదాలు, కోర్టుకు పోకముందే అయితే, శాశ్వత లోక్ అదాలత్ విచారిస్తుంది. అక్కడ రాజీ కుదరకపోయినా తీర్పు చెప్పే అధికారం దానికి ఉన్నది. రెండవది వినియోగదారుల కమిషన్. మనం చెల్లించిన సొమ్ము 5 లక్షలకు మించకుంటే అక్కడ ఫీజు లేదు. ఏ దారికైనా చెవి బిళ్ళ, పాలసీ, పశువైద్యుని ధ్రువపత్రం ఉండాలి.

సంఘంతోనే సభ్యునికి తగాదా వస్తే సివిలు కోర్టుకు పరుగెత్తవద్దు. 1964 చట్టం కింద రిజిస్టరైన సంఘమైతే 61వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారుకు, 1995 పరస్పర సహాయ సంఘాల చట్టం కిందిదైతే సహకార ట్రిబ్యునలుకు పోవాలి.

సంఘం చేయగల పని

సంఘం నిధి నుండి దావాలకు డబ్బు ఇవ్వమని మేము చెప్పడం లేదు. ఒకరి పంపకానికి అందరి పాల డబ్బు ఖర్చు చేయడం న్యాయం కాదు. తగాదా పడిన ఇరుపక్షాలూ మన సభ్యులే కావచ్చు కూడా. కాని ఖర్చు లేని పనులు చాలా ఉన్నాయి. పాల కేంద్రం గోడపై 15100 నంబరు, కమిటీ చిరునామా రాయించండి. ఏడాదికొకసారి న్యాయ విజ్ఞాన సదస్సు పెట్టమని మండల కమిటీకి అర్జీ పంపండి. చదువుకున్న యువతీ యువకులను పారా లీగల్ వాలంటీర్లుగా చేరమని ప్రోత్సహించండి. పాలు పోసిన లెక్కలు, బిల్లులు భద్రపరచండి. ఆదాయం చూపవలసి వచ్చినప్పుడు అవే సాక్ష్యం.

1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘాన్ని స్థాపించారు. ఒంటరిగా బేరమాడలేని మగ్గం మనిషికి సంఘం అండ అయింది. పాలకు ధర రాబట్టుకోవడానికి మనమూ అదే దారిన కూడాము. కోర్టు గుమ్మం ముందు మన సభ్యుడు ఒంటరిగా, భయంతో నిలబడకుండా చూడటం కూడా ఆ సహకారంలో భాగమే.

ఈ మాటలు రేపు ఉదయం పాలు పోసేటప్పుడు పక్కవారికి చెప్పండి. ఎవరి ఇంట్లోనైనా కోర్టు కాగితం ఉంటే, ఎనుమును సంతకు తోలే ముందు ఒకసారి కమిటీ గుమ్మం తొక్కమనండి.