పేరాలో పులిహోర

రామచంద్రపురం కుర్రాడెవరినైనా ద్రాక్షారామం గుడి మీద ఇంగ్లీషులో ఓ పేరా రాయమనండి. గుడి పాతది. బస్సు కిక్కిరిసింది. శివలింగం చాలా ఎత్తు. పులిహోర బాగుంది. ఏ వాక్యంలోనూ తప్పుండదు, కానీ ఒకదానికొకటి చుట్టరికమూ ఉండదు.

తెలుగులో ఈ చిక్కు తక్కువ. ‘బస్సు దిగి, కాళ్లు కడుక్కుని, లోపలికెళ్లి’ అంటే ఆ అసమాపక క్రియలే ముడి వేసేస్తాయి. ఇంగ్లీషులో అంత సులువుగా కుదరదు. అందుకే మనవాళ్లు వాక్యానికో ‘మోరోవర్’ తగిలిస్తారు. అది పులుసులో ఇంగువలాంటిది. ఎక్కువైతే నోట పెట్టలేం.

నన్నడిగితే, గట్టి ముడి వేరే ఉంది. కిందటి వాక్యం ఎక్కడ ఆగిందో, అక్కడే తర్వాతిది అందుకోవాలి. ఆ గుడి గురించే ఇలా రాయొచ్చు: ‘భీమేశ్వర లింగం రెండంతస్తులకు లేచి ఉంటుంది. ఆ ఎత్తు వల్లే పూజలు పై అంతస్తులో చేస్తారు.’ చూశారా, ‘ఆ ఎత్తు’ అనేసరికి రెండూ అతుక్కున్నాయి. ఇంగ్లీషులో ‘దట్ హైట్’ అన్నా అంతే.

ముడి ఒక్కటే చాలదు. పేరా దేని గురించో మొదటి వాక్యంలోనే తెలియాలనీ, దారి తప్పకూడదనీ స్కాట్లాండు పండితుడు అలెగ్జాండర్ బెయిన్ 1866లోనే తన వ్యాసరచన పుస్తకంలో రాశాడు. మరి పులిహోర సంగతి? దానికో వేరే పేరా ఇవ్వండి, పాపం.